వంద చదరపు మీటర్ల కనోలా: 50 గ్రాముల విత్తనం నుంచి నూనె సీసా దాకా, లెక్కలతో సహా

ఎవరైనా ఇదే పని పెట్టుకుంటే ఎక్కడ దెబ్బతింటారో ముందే తెలుస్తుందని రాస్తున్నా. చోటు కెనడాలో సస్కాచెవాన్, రెజీనా దగ్గర, మన నల్లరేగడిలా తడిస్తే జిగురు ఎండితే ఇటుక అయ్యే బంకమట్టి. భూమి నాది కాదు, నేను శనాదివారాలు పనికెళ్ళే ఒక పెద్దాయనది. ఆయన ఒక క్వార్టర్, అంటే 160 ఎకరాలు, కనోలా (ఆవాల జాతి నూనెగింజ) వేస్తూ షెడ్డు వైపు మూలలో 10 మీటర్ల పొడవు 10 మీటర్ల వెడల్పు ముక్క నాకు వదిలాడు. విత్తనం కూడా ఆయన సంచిలోదే. ఇక్కడ హైబ్రిడ్ విత్తనం కొనేటప్పుడు రైతు కంపెనీ ఒప్పందం మీద సంతకం పెడతాడు, గింజ దాచుకుని మళ్ళీ వెయ్యకూడదు, బయటివాళ్ళకి ఇవ్వకూడదు, అందుకని ఆయన పొలంలోనే వేసి, వచ్చిన గింజ ఆయన దగ్గరే కొన్నట్టు రాసుకున్నాం.

తేల్చుకోవాల్సింది ఒకటే. గింజలో 44 శాతం దాకా నూనె ఉంటుందంటారు కదా, ఇంట్లో గానుగ మిషన్ మీద ఆడితే అందులో ఎంత చేతికొస్తుంది, మిగతాది ఎక్కడెక్కడ పోతుంది. నూనె ఎంతొచ్చింది, ఏ రంగులో వచ్చింది అనేది సగం మే నెలలోనే తేలిపోయిందని నాకు అక్టోబర్‌లో గానీ అర్థం కాలేదు.

స్టేజ్ 1: విత్తనం ఎంత

కిలోల్లో లెక్కేస్తే తప్పుతుంది, గింజల్లో లెక్కెయ్యాలి. కనోలాలో వెయ్యి గింజల బరువు లాటుని బట్టి 3 నుంచి 6 గ్రాముల దాకా మారుతుంది, సంచి మీద రాసి ఉంటుంది. మాది 5 గ్రాములు.

1. చదరపు అడుగుకి 5 నుంచి 8 మొక్కలు ఉండాలి. నేను చదరపు మీటరుకి 60 అనుకున్నా.
2. వేసిన ప్రతి గింజా మొలవదు. 60 శాతం అనుకుంటే మీటరుకి 100 గింజలు.
3. 100 చదరపు మీటర్లకి 10,000 గింజలు, అంటే 50 గ్రాములు. ఒక టీ గ్లాసులో సగం కూడా ఉండదు.

ఎరువు విత్తనంతో పాటు వెయ్యలేదు, యూరియా పక్కనుంటే మొలక మాడిపోతుంది. ముందే 2 కిలోల యూరియా, 900 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్, 600 గ్రాముల 11-52 (భాస్వరం ఎరువు) చల్లి రేక్‌తో కలిపేశా. అమ్మోనియం సల్ఫేట్ మానొద్దు. గోధుమ కంటే కనోలాకి గంధకం చాలా ఎక్కువ కావాలి, తగ్గితే లేత ఆకులు దొప్పల్లా ముడుచుకుని ఊదారంగుకి తిరుగుతాయి, పూలు పాలిపోతాయి, కాయలో గింజ ఉండదు.

ఖర్చు (అన్నీ కెనడా డాలర్లు): విత్తనం 2, ఎరువు 18, మట్టి థర్మామీటర్ 20, 0.01 గ్రాము చూపించే నగల త్రాసు 25. ఇప్పటిదాకా 65.

స్టేజ్ 2: సీడర్‌తో కుస్తీ

పెద్దాయన విత్తే మిషన్ (డ్రిల్) 60 అడుగుల వెడల్పు, నా ముక్కలోకి దిగదు. కూరగాయలకి వాడే తోపుడు సీడర్ అడిగి తెచ్చుకున్నా. సాలుకి సాలుకి మధ్య 25 సెంటీమీటర్లు పెడితే 10 మీటర్ల సాళ్ళు 40 వస్తాయి, సాలుకి 250 గింజలు, అంటే 1.25 గ్రాములు పడాలి.

క్యాలిబ్రేషన్ ఇలా చేశా:

1. గింజ పడే గొట్టానికి చిన్న ప్లాస్టిక్ కవర్ రబ్బర్ బ్యాండ్‌తో కట్టాలి.
2. సిమెంటు నేల మీద కాదు, వెయ్యబోయే మట్టి మీదే 10 మీటర్లు తొయ్యాలి, చక్రం జారే తీరు వేరుగా ఉంటుంది.
3. కవర్లో పడింది తూచాలి. వంటింటి త్రాసు ఇక్కడ పనికిరాదు.

ముల్లంగి ప్లేట్ పెడితే 4.6 గ్రాములు పడింది, కావాల్సినదానికి దాదాపు నాలుగింతలు. అంతకంటే చిన్న చిల్లుల ప్లేట్ లేదు. అందుకని ప్రతి నాలుగు చిల్లుల్లో మూడిటికి లోపలి వైపు టేప్ అంటించి ఒక్కటే వదిలా. 1.2 గ్రాములు వచ్చింది, దాంతో సర్దుకున్నా. విత్తనానికి పురుగుమందు పూత ఉంటుంది, నీలం రంగులో, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. మిగిలిన పూత గింజల్ని ఎట్టి పరిస్థితుల్లోనూ గానుగలో పోయొద్దు, కోళ్ళకి కూడా వెయ్యొద్దు.

లోతు సెంటీమీటరున్నర పెట్టా. అర అంగుళం నుంచి అంగుళం లోపు ఉండాలి, అంతకంటే లోతైతే ఇంత చిన్న గింజకి పైకొచ్చే బలం చాలదు. పొద్దున్నే మట్టి 5 డిగ్రీలు దాటాకే వేశా, మే మధ్యలో.

స్టేజ్ 3: మొలక, అసలు దెబ్బ ఇక్కడే

వేసిన రెండో రోజు రాత్రి కుండపోత, ఆ తర్వాత గాలి, ఎండ. బంకమట్టి పైపొర చెక్కు కట్టేసింది. గోటితో లేపితే బిస్కెట్ ముక్కలా పెచ్చు లేచింది, దాని అడుగున మొలక తెల్లగా వంకర తిరిగి పైకి రాలేక పక్కకి పాకుతోంది. రేక్ తిప్పితే మెడలు విరుగుతాయని పెద్దాయన వద్దన్నాడు. స్ప్రింక్లర్‌తో సన్నగా తడిపి పైపొర మెత్తబడేలా చేశా, కొన్ని లేచాయి. అసలు తప్పు ఏంటంటే, ఎరువు కలిపేటప్పుడు మట్టిని మరీ పొడిపొడిగా దున్నేశా. పెద్దాయన పొలంలో పాత గోధుమ మోళ్ళ మధ్య దున్నకుండానే వేశాడు, అక్కడ చెక్కు కట్టలేదు.

లెక్క పెట్టే పద్ధతి: 177 సెంటీమీటర్ల పైపు ముక్కని గుండ్రంగా చుట్టి అతికిస్తే లోపల సరిగ్గా పావు చదరపు మీటరు వస్తుంది. దాన్ని కళ్ళు మూసుకుని విసరాలి, మంచి చోటు చూసి పెడితే లెక్క మనకి కావాల్సినట్టే వస్తుంది. నాకొచ్చినవి 14, 9, 3, 11, 12. సగటు 9.8, అంటే మీటరుకి 39.

ఇప్పటిదాకా: వేసిన గింజలు 10,000. నిలిచిన మొక్కలు 3,900. అనుకున్నవి 6,000.

పల్చబడితే పంట పోదు, అది నిజమే, కనోలా ఖాళీ దొరికితే పక్క కొమ్మలు వేసుకుని సర్దుకుంటుంది. కానీ పక్క కొమ్మలు ఆలస్యంగా పూస్తాయి, ఆలస్యంగా పండుతాయి, సెప్టెంబర్ మొదట్లోనే మంచు పడే ఊళ్ళో దీని బిల్లు తర్వాత కట్టాలి. స్టేజ్ 6లో చెప్తా.

స్టేజ్ 4: ఫ్లీ బీటిల్స్

ఇవి నల్లగా ఆవగింజంత ఉంటాయి, వేలు పెడితే మిడతలా ఎగురుతాయి. మొదటి రెండాకుల మీద సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. విత్తనం మీది మందు సుమారు మూడు వారాలు కాపాడుతుంది, ఆ గడియారం మొలిచిన రోజు నుంచి కాదు, వేసిన రోజు నుంచి. చెక్కు కట్టి మొలక లేటయిందంటే మందు మట్టిలో ఉండగానే సగం అయిపోయినట్టే.

ఆకులో నాలుగో వంతు తినేసి ఉండి పురుగు ఇంకా తింటూ ఉంటే స్ప్రే చెయ్యాలని ఇక్కడి లెక్క. నా ముక్కలో షెడ్డు వైపు రెండు మీటర్ల అంచు మొత్తం 30 నుంచి 40 శాతం పోయింది, లోపల 10 శాతం కూడా లేదు. పురుగు గట్ల నుంచి లోపలికి నడుచుకుంటూ వస్తుంది కాబట్టి ఎప్పుడూ అంచులే పోతాయి. పెద్దాయనకి స్ప్రే లైసెన్స్ ఉంది, ఆ అంచు వరకే కొట్టాడు.

ఆకు పైవైపు మాత్రమే చూస్తే సరిపోదు. చలిగాలి రోజుల్లో పురుగు కిందికి దిగి కాడని కొరుకుతుంది, ఆకులు బాగానే కనపడతాయి, మర్నాటికి మొక్క తలవాల్చేస్తుంది.

కలుపు మొత్తం చేత్తో, పొడుగు కర్ర తొలికతో తీశా. అడవి ఆవ మొక్క లేతగా ఉన్నప్పుడు అచ్చు కనోలాలాగే ఉంటుంది. ఆకు మీద నూగు గరుగ్గా తగిలితే అది ఆవ, నున్నగా ఉంటే మనది.

స్టేజ్ 5: పూత

జూలై మొత్తం పసుపు. ఫోటోలు ఫోన్లో చాలా ఉన్నాయి, ఇక్కడ పెట్టడం లేదు, పనికొచ్చే విషయం ఒక్కటే. పూతలో ఉండగా ఎండ 30 దాటి కొన్నాళ్ళు ఉండిపోయింది, ఆ రోజుల్లో విచ్చిన పూలు కాయ కట్టలేదు. తర్వాత ప్రధాన కాడ చూస్తే కింద కాయలు, మధ్యలో ఉత్త తొడిమలు, పైన మళ్ళీ కాయలు. ఆ ఖాళీకి మందూ లేదు మాకూ లేదు, త్వరగా వెయ్యడం తప్ప.

స్టేజ్ 6: కోత

కాయ మొత్తం ఎండాక కోద్దామంటే పగిలి రాలిపోతుంది. పచ్చిగా కోస్తే గింజ పచ్చగా ఉండిపోతుంది. ప్రధాన కాడ మీద గింజల్లో 60 శాతం రంగు మారాక కొయ్యాలి. చూసే పద్ధతి:

1. కాడ కింద భాగం, మధ్య, పైన, మూడు చోట్లా కాయలు ఒలవాలి.
2. గింజ మీద కొంచెం గోధుమ మచ్చ కనపడినా రంగు మారినట్టే లెక్క.
3. పైవి కూడా గట్టిపడి, వేళ్ళ మధ్య దొర్లిస్తే చితక్కూడదు.

లోపలి భాగం 60 దగ్గరికి వచ్చింది. షెడ్డు వైపు అంచు మాత్రం 30 దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే పురుగు తిన్నదీ అక్కడే, మొక్కలు పల్చగా ఉన్నదీ అక్కడే, అన్నీ లేటు కొమ్మలే. రాత్రికి మైనస్ 2 అన్నారు. నీళ్ళెక్కువున్న పచ్చి గింజని మంచు పట్టుకుంటే లోపలి పత్రహరితం ఇక పోదు, అలాగే బిగుసుకుపోతుంది. అంచుతో సహా మొత్తం కొడవలితో కోసి టార్పాలిన్ మీద పరిచేశా. దాంతో కూడా అంచు గింజ బాగుపడలేదు, ముందే చెప్తున్నా.

పచ్చగింజ పరీక్ష ఎలివేటర్ (రైతుల గింజ కొనే గోదాం) వాళ్ళు చేసినట్టే ఇంట్లో చేశా. వంద గుంటలున్న చిన్న పలకని గింజల్లో ముంచి తీస్తే గుంటకొకటి పడతాయి, దాని మీద మాస్కింగ్ టేప్ అద్ది ఎత్తాలి. టేప్‌ని తెల్ల కాగితం మీద పెట్టి అప్పడాల కర్రతో గట్టిగా నొక్కితే గింజలు చిట్లి లోపలి పప్పు కనపడుతుంది, పసుపుగా ఉంటే మంచిది, గడ్డి రంగులో ఉంటే పచ్చది. ఐదు టేపులు, 500 గింజలు. లోపలి భాగంలో 7 పచ్చవి, 1.4 శాతం. అంచులో 31, అంటే 6.2 శాతం. కెనడా నంబర్ 1 గ్రేడ్‌కి 2 శాతం మించకూడదు. రెండిటినీ అక్కడే వేరు చేసి పెట్టా.

స్టేజ్ 7: నూర్పిడి, ఎండబెట్టడం

టార్పాలిన్ మీద కాళ్ళతో తొక్కి, కర్రతో కొట్టి, ఫ్యాన్ ముందు తూర్పారబట్టా. ఫ్యాన్ రెండో స్పీడులో గింజలు కూడా పొట్టుతో పాటు పోతున్నాయి, మొదటి స్పీడే చాలు. జల్లెడ గుండ్రటి చిల్లులది తీసుకోండి, నలుచదరం చిల్లుల్లో కాడ ముక్కలు నిలువుగా దూరిపోతాయి.

తూకాలు:
నూర్చింది పొట్టుతో సహా: 17.9 కిలోలు
జల్లించాక: 15.6 కిలోలు, తేమ 11.6 శాతం
పల్చగా పరిచి ఆరబెట్టాక: 14.9 కిలోలు, తేమ 7.5 శాతం

ఈ 14.9లో అంచుది 1.9. నిల్వకి 8 శాతం తేమ, 15 డిగ్రీల లోపు చల్లదనం ఉండాలి. కోసిన మొదటి వారాల్లో గింజ ఇంకా ఊపిరి పీలుస్తూ వేడెక్కుతుంది, డబ్బా మూత బిగించకుండా చెయ్యి పెట్టి అడుగు దాకా కలుపుతుండాలి.

రాలిపోయింది ఎంత? కోతకి ముందే సాళ్ళ మధ్య చిన్న ట్రేలు పెట్టి ఉంచా. సగటు చదరపు మీటరుకి 21 గ్రాములు. ఎకరాకి ఒక బుషెల్ (ఇక్కడి గింజల కొలత, కనోలాకి సుమారు 22.7 కిలోలు) అంటే మీటరుకి 5.6 గ్రాములు, కాబట్టి ఎకరాకి మూడు ముప్పావు బుషెళ్ళు మట్టిపాలు. నా ముక్కలో 2.1 కిలోలు. చేతికొచ్చింది అదే లెక్కలో ఎకరాకి 26 బుషెళ్ళ పైన. చుట్టూ ఉన్న పెద్దాయన పంటకి ఇది దరిదాపుల్లో కూడా లేదు.

ఖర్చు: టార్పాలిన్, జల్లెడలు 80. ఇప్పటిదాకా 145.

స్టేజ్ 8: గానుగ

కొన్నది చిన్న స్క్రూ ప్రెస్, కరెంటుది, 260 డాలర్లు. వేరుశనగకి, నువ్వులకి అని రాసి ఉంది. కనోలా గింజ మరీ చిన్నది కావడంతో హాపర్ నుంచి వరదలా దిగి స్క్రూ మొదట్లోనే ముద్ద కడుతుంది. హాపర్ అడుగున రేకు ముక్క అడ్డం పెట్టి సందు మూడో వంతుకి తగ్గించా.

బ్యాచ్ 1, 2 కిలోలు: గింజ గరాజ్‌లోంచి నేరుగా, 4 డిగ్రీల చల్లదనంలో. రెండుసార్లు ఇరుక్కుంది. నూనె 520 గ్రాములు, 26 శాతం. చెక్క (నూనె పోగా మిగిలిన పిప్పి) మెత్తగా, పిసికితే చేతికి నూనె.

బ్యాచ్ 2, 2 కిలోలు: గింజని ట్రేలో పోసి 40 డిగ్రీలకి వెచ్చబెట్టి, మిషన్ తల కూడా ముందే వేడెక్కనిచ్చి ఆడా. 640 గ్రాములు, 32 శాతం.

బ్యాచ్ 3, 2 కిలోలు: చెక్క బయటికొచ్చే రంధ్రం చిన్నది బిగించా. 690 గ్రాములు, 34.5 శాతం. చెక్క పెళుసుగా పలకలు పలకలుగా వచ్చింది. ఇంకా చిన్నది పెడితే మోటార్ మూలిగింది, అక్కడితో ఆపేశా.

మిగతా 7 కిలోలు బ్యాచ్ 3 లాగే: 2,380 గ్రాములు.

మొత్తం 13 కిలోల గింజకి 4,230 గ్రాములు. 44 శాతం ప్రకారం లోపల ఉన్నది 5,720. మిగిలిన కిలోన్నర చెక్కలోనే ఉండిపోయింది, అంటే నా చెక్కలో 17 శాతం దాకా నూనె. ఫ్యాక్టరీల్లో గింజని రేకులుగా నలిపి, ఉడికించి, స్క్రూ మీద ఆడి, ఆ చెక్కని మళ్ళీ హెక్సేన్‌లో కడిగి మిగిలిందంతా లాగేస్తారు. ఇంట్లో ఆ పని ఊహలో కూడా వద్దు, హెక్సేన్ పెట్రోలు లాంటిది. మా చెక్క పెద్దాయన ఆవుల దాణాలో కలిసిపోయింది, ఆయనకి దాంట్లో నూనె ఎక్కువుండటమే నచ్చింది.

అంచు గింజ 1.9 కిలోలు వేరుగా ఆడితే 610 గ్రాములు, పాలకూర రసం రంగు. పత్రహరితం ఉన్న నూనె వెలుతురు తగిలితే ఇంకా త్వరగా చెడుతుంది. ఫ్యాక్టరీలో దీన్ని తీయడానికి ప్రత్యేకమైన మట్టి కలిపి వడగడతారు. మే నెలలో చెక్కు కట్టిన మట్టి, పల్చబడిన మొక్కలు, లేటు కొమ్మలు, అన్నీ కలిసి ఈ సీసాలో కనపడుతున్నాయి. దీన్ని తలుపు బందులకి, గొలుసులకి పెట్టుకుంటున్నా.

మంచి నూనెని రెండు వారాలు చీకట్లో కదపకుండా ఉంచి పైతేట వంచుకుంటే 3,890 గ్రాములు, అంటే నాలుగుంపావు లీటర్లు. అడుగున మడ్డి 340 గ్రాములు. బట్టతో తొందరపడి వడకట్టొద్దు, బట్ట పూడుకుపోతుంది, సగం నూనె బట్టే తాగుతుంది.

ఖర్చు: గానుగ 260, నల్ల సీసాలు, బట్ట 24. మొత్తం 429. ఈ డబ్బుకి షాపులో రిఫైన్డ్ కనోలా మా ఇంటికి రెండేళ్ళకి సరిపడా వచ్చేది.

స్టేజ్ 9: వంటింట్లో

గారెలు: నూనె 175 డిగ్రీలు ఉండాలి కదా, మాది 150 దాటుతుంటేనే పొగ మొదలు, పైన నురగ, ఇల్లంతా ఉడికిన క్యాబేజీ వాసన. మా ఆవిడ స్టవ్ కట్టేసి రిఫైన్డ్ డబ్బా తీసింది. రిఫైన్డ్ అయితే 200 దాటినా పొగ రాదు, గారెలకి, పూరీలకి అదే సరైనది, వాసన కూడా ఉండదు.

ఆవకాయ: చిన్న జాడీ దీంతో, ఇంకోటి నువ్వుల నూనెతో. కొన్ని వారాలకి మా జాడీ మూత తియ్యగానే పెయింట్ డబ్బా వాసన. ఇందులో ఒమేగా-3 ఎక్కువ, అదే దీని గొప్ప, త్వరగా మక్కు పట్టేది కూడా దానివల్లే. పచ్చళ్ళకి వాడొద్దు.

బాగున్నవి: కందిపొడిలో పచ్చి నూనె, ముద్దపప్పు మీద ఒక చెంచా, చపాతీ పిండిలో, సలాడ్‌లో. ఉత్తరాది ఆవనూనెలా ఘాటు ఉండదు, వేయించిన గింజలాంటి రుచి. సీసా ఫ్రిజ్‌లోనే, ఫ్రిజ్‌లో పెట్టినా గడ్డకట్టదు.

పోషకాల మాటకొస్తే, ఒక టేబుల్‌స్పూన్ 14 గ్రాములు, 124 క్యాలరీలు, ఆ విషయంలో ఏ నూనెకీ తేడా లేదు. తేడా లోపల. సంతృప్త కొవ్వు 7 శాతమే, వేరుశనగ నూనెలో 17 పైన, పామాయిల్‌లో సగం దాకా ఉంటుంది. 60 శాతం పైన ఒలీక్ (ఆలివ్ నూనెలో ఎక్కువుండే కొవ్వు), ఒమేగా-3 ఒక 9 శాతం, వేరుశనగలో ఇది దాదాపు సున్నా. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో రోజుకి సుమారు 19 గ్రాములు గుండెకి మంచిది కావచ్చని కంపెనీలని సీసాల మీద రాసుకోనిచ్చింది, కానీ రెండు షరతులతో: సంతృప్త కొవ్వు బదులుగా వాడాలి, మొత్తం క్యాలరీలు పెరగకూడదు. ఉన్న నెయ్యి ఉండగానే ఇది అదనంగా పోసుకుంటే లాభం లేదన్నమాట.

మా బాబాయి వాట్సాప్‌లో "అది ఓడల ఇంజన్లకి పోసే నూనెరా" అని ఫార్వర్డ్ పంపాడు. అది సగం నిజం. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడా రేప్‌సీడ్ (కనోలాకి మూలమైన పంట) పెంచింది ఓడల ఆవిరి ఇంజన్ల కందెన కోసమే. అప్పటి నూనెలో ఎరూసిక్ ఆమ్లం (గుండెకి మంచిది కాదని అనుమానించే ఒక కొవ్వు ఆమ్లం) చాలా ఎక్కువ. తర్వాత మానిటోబాలో బాల్డర్ స్టీఫాన్సన్, సాస్కటూన్‌లో కీత్ డౌనీ మామూలు సంకరణంతోనే దాన్ని తగ్గించారు, 1974లో టవర్ అనే రకం వచ్చింది. కనోలా అనాలంటే నూనెలో ఎరూసిక్ 2 శాతం లోపుండాలి, చెక్కలో గ్లూకోసినోలేట్లు (ఆవ ఘాటుకి కారణమైన పదార్థాలు) గ్రాముకి 30 మైక్రోమోల్స్ లోపు. జన్యుమార్పిడి రకాలు 1995లో గానీ రాలేదు, అది కలుపుమందు తట్టుకోవడానికి, నూనె మార్చడానికి కాదు. ఇండియన్ షాపుల్లో ఆవనూనె సీసా మీద ఇక్కడ "ఒంటికి రాసుకోవడానికి మాత్రమే" అని ఉండేది ఆ ఎరూసిక్ వల్లే.

నిజామాబాద్ నుంచి మా తమ్ముడు అక్కడ వెయ్యొచ్చా అని అడిగాడు. ఈ విత్తనం వద్దన్నా, దీనికి పూతలో చల్లదనం కావాలి, పొడుగు పగళ్ళు కావాలి. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం జీఎస్‌సీ 7 లాంటి కనోలా నాణ్యత గోభీ సర్సోం (అక్కడి ఒక ఆవ జాతి పంట) రకాలు ఇచ్చింది కానీ అవి అక్కడి పొడుగు చలికాలానికి. మన యాసంగికి మామూలు ఆవాలే నయం.

వచ్చే ఏడు మార్పులు

1. దున్నకుండా గోధుమ మోళ్ళలోనే విత్తడం. ఎరువు పక్క సాలులో.
2. మొలక 45 శాతమే అనుకుని 65 గ్రాముల విత్తనం. పల్చదనం వల్ల పోయిన దాని ముందు ఆ 15 గ్రాముల ఖరీదు ఏమీ కాదు.
3. షెడ్డు వైపు కాకుండా పొలం లోపలి ముక్క అడగడం.
4. గింజ వెచ్చబెట్టకుండా గానుగ ఆన్ చెయ్యకపోవడం.

పాత ముక్కలో మళ్ళీ కనోలా వెయ్యకూడదు, బ్లాక్‌లెగ్, క్లబ్‌రూట్ తెగుళ్ళు మట్టిలో ఉండిపోతాయి, మూడేళ్ళయినా వేరే పంట పడాలి. అక్కడ మసూర్ వేస్తాం. కాకపోతే ఆ 2.1 కిలోలు రాలింది చూశారుగా, గింజల్లో అది 4 లక్షల పైనే. నేను వేసినవి 10,000. వసంతంలో అందులో కొంత మొలిచినా మసూర్ కనపడదు, తొలిక ఇప్పుడే నూరి పెట్టా.